లేయర్లకు పూర్వపు పొరలు

ఫోటోషాపులో లేయర్లు ప్రవేశించినది 1994లో, మూడవ కూర్పుతో. బొమ్మకు బొమ్మను అతికే విద్య మాత్రం అంతకు నూరేళ్ళకు పైగా ముందటిది.

తడి కొలోడియన్ పలకకు నీలికాంతి సోకితే చాలు, ఆకాశం వెలవెలబోయేది. మబ్బుల జాడే మిగిలేది కాదు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850లలో దీనికొక ఉపాయం పన్నాడు. కడలికొక నెగెటివు, మబ్బులకొకటి. నీరూ నింగీ కలిసే గీత వద్ద అతుకు.

స్వీడను నుండి ఇంగ్లాండు చేరిన ఆస్కార్ రైలాండర్ మరింత సాహసి. 1857లో మాంచెస్టరులో ప్రదర్శించిన ‘జీవితానికి రెండు దారులు’ చిత్రానికి ముప్పయికి పైగా నెగెటివులు వాడాడు. మనుషులను విడివిడిగా చిత్రించి, కాగితంలో తక్కిన భాగమంతా కప్పివేసి, ఒక్కొక్క నెగెటివునూ దాని చోట అచ్చొత్తాడు. మనం లేయర్ మాస్కు అంటున్నది దాదాపు ఇదే. కాకపోతే, చివరి నెగెటివు వద్ద చేయి జారితే ఆయన పడిన శ్రమంతా వృథా. కంట్రోల్-జెడ్ ఎక్కడిది!

విక్టోరియా రాణి ఒక ప్రతి కొన్నది. స్కాట్లాండులో నగ్నత్వం పేరిట కాదన్నారు. 1858లో హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగెటివులతో మరణశయ్య మీది యువతిని చూపినపుడు జనం మరీ నొచ్చుకున్నారు. అదే దృశ్యాన్ని కుంచెతో వేసి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కారేమో! కెమెరా అబద్ధమాడదన్న నమ్మకానికి అప్పటికి నిండా ఇరవయ్యేళ్ళు లేవు.

రైలాండర్ 1859 నాటికి విసిగిపోయాడు. ఇందులో లాభమూ లేదు, గౌరవమూ లేదని రాబిన్సన్‌కు రాసుకున్నాడు. రాబిన్సన్ మానలేదు. 1869 నాటి తన పుస్తకంలో ఈ విద్యకూ చోటిచ్చాడు.