అర్జునుడూ ఆయనే.. ద్రోణుడూ ఆయనే
1970 కాంస్య పతక జట్టు సారథి, హైదరాబాదీ డిఫెండర్ నయీముద్దీన్ ప్రస్థానం

సూర్యాపేట: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలల మైదానాల్లో సాయంత్రం వేళ కనిపించేది క్రికెట్, వాలీబాల్, కబడ్డీలే. ఫుట్‌బాల్ బంతి దొర్లేది అరుదు. కానీ ఈ పట్టణాలకు కొద్ది గంటల బస్సు ప్రయాణ దూరంలోని హైదరాబాద్ ఒకనాడు దేశ ఫుట్‌బాల్‌కు ఆటగాళ్లను అందించిన నగరం. ఆ నగరం అందించిన మేటి డిఫెండర్లలో సయ్యద్ నయీముద్దీన్ ఒకరు.

ఆయన 1944లో హైదరాబాద్‌లో జన్మించారు. అప్పటి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సామాన్యమైనది కాదు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో రూపుదిద్దుకొని 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో నగరానికి చెందిన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటివారు ఆడారు. 2024లో వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’ ఈ రహీం జీవితం ఆధారంగా తీసినదే. రహీం 1963లో కన్నుమూశారు. ఆయన తీర్చిదిద్దిన ఆ సంప్రదాయంలోనే నయీముద్దీన్ ఎదిగారు.

స్టాపర్ పని కష్టమైనది. గోలు కొట్టినవాడి పేరు మరునాడు పత్రికలో వస్తుంది. గోలు పడకుండా ఆపినవాడిని ఎవరూ తలచుకోరు. ఒక్క అడుగు తప్పితే మాత్రం నింద అతనిదే. వెనుక నిలబడి ఆటనంతా చదవగలవాడే ఆ స్థానంలో నిలుస్తాడు. బహుశా అందుకే కావచ్చు, సారథ్యం కూడా నయీముద్దీన్‌ను వరించింది.

1960వ దశకంలో ఆయన కలకత్తా చేరారు. నాటి హైదరాబాద్ క్రీడాకారులలో పలువురు పట్టిన దారి అదే. అక్కడి ఆదరణ, ఆదాయం ఇక్కడ లేకపోవడమే కారణం. నగర ఫుట్‌బాల్ క్షీణతకు ఈ వలస కూడా ఒక హేతువని చెప్పక తప్పదు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటి తరఫునా ఆయన ఆడారు.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలు ఆయన జీవితంలో శిఖరం. నయీముద్దీన్ నాయకత్వంలోని భారత్ సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడింది. మూడో స్థానం పోరులో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం సాధించింది. జపాన్ అంతకు రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. ఆ ఒక్క గోలు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడుకోవడం డిఫెండర్ల ఘనతే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో పురుషుల జట్టుకు ఆ తరువాత మరో పతకం రాలేదు. అదే ఏడాది ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

ఆట విరమించాక శిక్షకుడయ్యారు. క్రమశిక్షణ విషయంలో కఠినుడని పేరు. 1990లో ఈస్ట్ బెంగాల్ ఆయన శిక్షణలో ఐఎఫ్‌ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ గెలిచింది. ఆ ఏటి ద్రోణాచార్య పురస్కారం ఆయనదే. 1997లో ఖాట్మండులో భారత్ దక్షిణాసియా కప్పు గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. 2005-06లో మళ్లీ జాతీయ జట్టు బాధ్యతలు చేపట్టారు. అనంతరం బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ శిక్షణనిచ్చారు.