ఎవరి ఊరు, ఎవరి వారసత్వం? - ఓయోతుంజి నుంచి హిరమండలం దాకా

దళితుల చరిత్ర గురించి ఎక్కడ మాట్లాడినా ఒక ప్రశ్న ఎదురవుతుంది. "మీకు కాపాడుకోవాల్సిన వారసత్వం ఏముంది?" అని. కొందరు నిజంగానే తెలుసుకుందామని అడుగుతారు. ఎక్కువమంది ఏమీ లేదనిపించడానికే అడుగుతారు. వారసత్వం కాపాడుకోవడం కోసమే కొందరు కావాలని ఊళ్లు కట్టుకున్నారు. అలాంటి రెండు ఊళ్ల చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నను తిరగేసి అడగొచ్చని మేము అనుకుంటున్నాం. ఒకటి అమెరికాలో నల్లవాళ్లు కట్టుకున్న ఓయోతుంజి. రెండోది మన శ్రీకాకుళం జిల్లా హిరమండలం మండలంలోని కూర్మగ్రామం.

ఓయోతుంజి కథ హార్లెంలో మొదలవుతుంది. 1928లో డెట్రాయిట్‌లో పుట్టిన వాల్టర్ యూజీన్ కింగ్ అనే నల్లజాతి యువకుడు 1959లో క్యూబాలోని మతాంజాస్ వెళ్లి, ఒరిషా దేవతల పూజారిగా దీక్ష తీసుకున్నాడు. క్యూబాలో ఆ దేవతలు కేథలిక్ పునీతుల బొమ్మల వెనక దాక్కుని బతికారు. యజమాని కంటపడకుండా బానిసలు కనిపెట్టిన ఉపాయం అది. న్యూయార్క్ తిరిగొచ్చి యోరుబా గుడి పెట్టిన కింగ్, ఈ ముసుగు ఇక అక్కర్లేదన్నాడు. పునీతుల బొమ్మలు తీసేశాడు. తెల్ల యజమానుల పేరు వదిలేసి ఎఫున్‌తోలా ఒసేజెమాన్ అడెఫున్మి అయ్యాడు. 1970లో కొద్దిమంది అనుచరులతో దక్షిణ కరొలైనా రాష్ట్రంలో షెల్డన్ దగ్గర ఊరు కట్టాడు. 27 ఎకరాల ఆ ఊరి పేరుకు 'ఓయో మళ్లీ లేచింది' అని అర్థం. అక్కడికి వచ్చినవాళ్లు యోరుబా పేర్లు పెట్టుకున్నారు, యోరుబా భాష నేర్చుకున్నారు. గుళ్లు కట్టారు, రాజును పెట్టుకున్నారు. ఊరి వాకిట్లో, ఇక్కడితో అమెరికా అయిపోయింది, ఇక యోరుబా రాజ్యం మొదలు అన్న అర్థం వచ్చేలా బోర్డు కట్టారు. 1981లో నైజీరియాలోని ఇఫె నగర సంప్రదాయ పాలకుడు అడెఫున్మికి కిరీటం పెట్టించాడు. ఆయన 2005లో చనిపోయాడు. ఆ తర్వాత 2024లో చనిపోయేదాకా కొడుకు రాజుగా ఉన్నాడు. 1970లలో వందల్లో ఉన్న జనం తర్వాత కొద్ది కుటుంబాలకు తగ్గారు.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. దక్షిణ కరొలైనాకు తెచ్చిన బానిసల్లో ఎక్కువమంది యోరుబాలు కాదు. వాళ్లు అంగోలా, కాంగో ప్రాంతాల నుంచి, సెనెగాంబియా, సియెర్రా లియోన్ తీరాల నుంచి వచ్చినవాళ్లు. యోరుబాలు పెద్దసంఖ్యలో బానిసలైంది ఓయో సామ్రాజ్యం కూలిపోయి అంతర్యుద్ధాలు సాగిన 19వ శతాబ్దంలో. అప్పటికే అమెరికా 1808 నుంచి బానిసల దిగుమతిని నిషేధించింది. అందుకే వాళ్లు ఎక్కువగా క్యూబాకు, బ్రెజిల్‌కు పోయారు. అంటే అడెఫున్మి తనకు తాతముత్తాతల నుంచి వచ్చిన వారసత్వాన్ని కాపాడలేదు, ఒక వారసత్వాన్ని ఎంచుకున్నాడు. అంతకంటే ఇబ్బందికరమైన విషయం ఇంకొకటి. 18వ శతాబ్దంలో ఓయో రాజ్యం స్వయంగా బానిసల్ని పట్టి తీరంలో అమ్మింది. అమ్ముడుపోయిన జాతి పిల్లలు అమ్మిన రాజ్యం పేరు తమ ఊరికి పెట్టుకున్నారు. కమారి క్లార్క్ అనే మానవశాస్త్రవేత్త 2004లో ఓయోతుంజి మీద తెచ్చిన పుస్తకంలో, ఆ ఊరివాళ్లు ఈ చిక్కును ఎలా సర్దుకున్నారో చర్చించింది. రాజుతోపాటు బహుభార్యాత్వం కూడా తిరిగొచ్చిందన్నది మన ఆడవాళ్లు తప్పక అడిగే సంగతి, అడగాలి కూడా.

అయినా మేము ఓయోతుంజిని వెక్కిరించలేం. పేరు, భాష, దేవుడు, వంశం అన్నీ ఓడలోనే గుంజేసుకున్నాక, గతాన్ని ఎంచుకోవడం తప్ప వాళ్లకు దారి లేదు. మనవాళ్లూ అదే చేశారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభగా మొదలైన సభ ఆది ఆంధ్ర మహాసభగా మారింది. 1922 నాటికి మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. ఈ నేలకు మేమే మొదటివాళ్లం అని చెప్పుకోవడం కూడా ఎంచుకున్న గతమే. 1948లో అంబేడ్కర్, అంటరానివాళ్లు ఒకప్పుడు ఓడి చెదిరిపోయిన బౌద్ధులని రాసినా, 1956లో నాగపూర్‌లో లక్షలాదిమందితో బౌద్ధంలోకి వెళ్లినా, ఆయన వెనక్కి చూసింది ముందుకు పోవడానికే. ఇదే అంబేడ్కర్ 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. నీగ్రో సమస్యకూ మా సమస్యకూ పోలిక ఉందని ఆయన చూశాడు. ఆ పోలికను కొనసాగించడం మన పని.

ఇప్పుడు రెండో ఊరు. కూర్మగ్రామం 2018లో మొదలైంది. దాదాపు 60 ఎకరాల్లో, కృష్ణచైతన్య ఉద్యమ అనుచరులు కట్టుకున్న ఊరు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. సున్నం, ఇసక, బెల్లం, మెంతులు కలిపి గోడలు కట్టారు. ఎద్దులతో దున్నుతారు, పిల్లలకు గురుకులం నడుపుతారు. పెద్ద ఉద్యోగాలు వదులుకుని వచ్చినవాళ్లూ అక్కడున్నారు. పత్రికలూ టీవీలూ దీన్ని వేదకాలపు ఊరని రాసి మురిసిపోయాయి. చూడటానికి జనం బస్సుల్లో పోతున్నారు.

ఈ రెండు ఊళ్ల వంశవృక్షం ఒకచోట దగ్గరవుతుందని చాలామందికి తెలియదు. 1966లో భక్తివేదాంత స్వామి తన సంఘాన్ని స్థాపించింది న్యూయార్క్‌లోనే, అడెఫున్మి గుడి నడుపుతున్న నగరంలోనే. ఆ సంఘం 1968లో వెస్ట్ వర్జీనియాలో న్యూ బృందావన్ అనే పల్లె కట్టింది. రెండేళ్లకు ఓయోతుంజి వచ్చింది. అమెరికా నగరాల మీద విసిగిన జనం పల్లెలకు పోయి కొత్తగా బతుకుదామనుకున్న కాలం అది. కాబట్టి మన హిరమండలంలోని 'సనాతన' ఊరికి ఒక వేరు అమెరికాలో ఉంది. ఇందులో తప్పేమీ లేదు గానీ, వేదకాలం నుంచి తెగకుండా వచ్చిందని మాత్రం ఎవరూ అనుకోనక్కర్లేదు.

అక్కడ కులం పాటిస్తున్నారని మేము ఆరోపించడం లేదు. వర్ణం పుట్టుకతో కాదు, గుణంతో, పనితో వస్తుందన్నది భక్తివేదాంత స్వామి బోధ. ఈ మాట ఆర్యసమాజ్ కూడా చెప్పింది. గుణాన్నిబట్టి మనుషుల్ని నాలుగు పెట్టెల్లో సర్దడం కుదరదని, పాత పేర్లు ఉంచితే పాత బుద్ధీ ఉంటుందని అంబేడ్కర్ 1936లోనే జవాబిచ్చాడు. మా ప్రశ్న వేరే ఉంది. ఎద్దు చచ్చిపోతే ఎత్తేది ఎవరు, తోలు తీసేది ఎవరు, పాకీ పని ఎవరిది? ఏ గతాన్ని తిరిగి కట్టినా ఆ గతంలో ఈ పనులు చేసిన మనిషి ఎక్కడున్నాడో చెప్పాలి.

పనుల సంగతే తీసుకోండి. చేతి నేత, ఎద్దుల అరక, మట్టి గోడ, ఇవన్నీ వేదవారసత్వం ఎలా అయ్యాయి? మా వైపు మాలలు, పైడిలు ముతక బట్ట నేసేవాళ్లని ఇంగ్లీషువాళ్లు రాసిన కులాల పుస్తకాల్లోనే ఉంది. రెల్లివాళ్లు పళ్లూ కూరలూ అమ్మారు, ఊళ్ల మురికి ఎత్తారు. మన తాతలు ఈ పనులు చేస్తే అది వెట్టి, అది కులవృత్తి, అది వెనకబాటు. అదే పని చదువుకున్నవాళ్లు ఇష్టపడి చేస్తే తపస్సు. కరెంటు వద్దనుకోవడానికి ముందు ఇంట్లో కరెంటు ఉండాలి కదా. ఊళ్లో తీగలు పడ్డాక కూడా ఎన్నో ఏళ్లు దీపంబుడ్డి వెలుతుర్లో చదువుకున్న పేటల పిల్లలం మేము. దాన్ని సరళ జీవనం అని ఎవరూ మెచ్చుకోలేదు.

గరివిడి చుట్టుపక్కల వెనకటి తరం చేసిన ఎంపిక దీనికి ఎదురుదిశలో ఉంది. చీపురుపల్లి, కోడూరు, గర్భాం ప్రాంతాల్లో 1890ల నుంచి మాంగనీసు తవ్వారు. 1950ల చివర గరివిడిలో ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీ వచ్చింది. గనిలో దుమ్ము, కొలిమి దగ్గర సెగ. అయినా మనవాళ్లకు పాలేరుతనం కంటే అదే నయమనిపించింది. అక్కడ కూలి డబ్బుల్లో ఇచ్చారు, గింజల్లో కొలవలేదు. మా పెద్దలు ఇప్పటికీ పేట నుంచి బయల్దేరుతూ 'ఊర్లోకెళ్లొస్తాం' అంటారు, పేట ఊర్లో లేనట్టు. అలా మాట్లాడే మనుషుల్ని పల్లెకు తిరిగి పదండంటే ఏ పల్లెకని అడగరా?

డప్పు దగ్గర ఈ చిక్కు బాగా కనిపిస్తుంది. యోరుబాలకు బాటా డోలు షాంగో దేవుడిది, గాథల్లో షాంగో ఓయో రాజు. కాబట్టి ఓయోతుంజిలో డోలు కొట్టడం పోయిన గౌరవాన్ని తెచ్చుకోవడం. మన డప్పు చావుకీ చాటింపుకీ కట్టేసిన వెట్టి. అందుకే ఎన్నో పేటల్లో డప్పు కొట్టం పొమ్మన్నారు. అది తిరుగుబాటు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును జెండా చేసింది. అదీ తిరుగుబాటే. ఏది నిలుపుకోవాలో, ఏది పారెయ్యాలో కొట్టే చెయ్యి తేల్చుకోవాలి గానీ, చూసి చప్పట్లు కొట్టే చెయ్యి కాదు.

మరి దళితులు తమ ఊరు తాము కట్టుకోవాలని ఎప్పుడూ అనుకోలేదా? అనుకున్నారు. 1942 జూలైలో నాగపూర్ సమావేశంలో షెడ్యూల్డ్ కులాల వాళ్లకు సవర్ణుల ఊళ్లతో సంబంధం లేని వేరే గ్రామాలు కావాలని తీర్మానించారు. 1947లో అంబేడ్కర్ రాజ్యాంగ సభ కోసం రాసిన మహజరులో, ఖాళీగా ఉన్న సాగుభూముల్లో ఆ గ్రామాలు కట్టడానికి ఒక సెటిల్మెంట్ కమిషన్ వెయ్యాలని అడిగాడు. ఆ తీర్మానంలో వేషం, భాష, దేవుడి ప్రసక్తి లేదు. అడిగింది భూమి, ఊరి మీద ఆధారపడకుండా బతికే వీలు. ఆ కమిషన్ రాలేదు. మనకు వేరే ఊళ్లు కట్టించింది ఊచకోతలే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపాక, బతికినవాళ్లు ఆ ఊరు మళ్లీ తొక్కబోమని చీరాలలో ఉండిపోయారు.

మా జిల్లాల్లో దీనికి సాక్ష్యం లక్ష్మీపేట. వంగర మండలంలో మడ్డువలస ప్రాజెక్టు కింద మునిగి, పునరావాసంగా కట్టిన ఊరు. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం. కొత్త ఊరు, కొత్త ఇళ్లు, సర్కారు గీసిన వీధులు. ప్రాజెక్టు కోసం సేకరించి మిగిలిన భూమిని దళితులు సాగుచేసుకున్నారని 2012 జూన్ 12న తూర్పు కాపులు దాడి చేసి ఐదుగురు మాలల్ని చంపారు. పాత ఊరు నీళ్లలో మునిగింది గానీ అందులోని కులం మునగలేదు.

కూర్మగ్రామం ఉన్న హిరమండలం కూడా నిర్వాసితుల నేలే. వంశధార రిజర్వాయరు కోసం 2017లో అక్కడి ఊళ్లను పోలీసుల్ని పెట్టి ఖాళీ చేయించారు. ఇళ్లు కూలగొట్టారు. వాటిలో పేటలున్నాయి, అమ్మవారి గద్దెలున్నాయి, సమాధులున్నాయి. మరుసటేడే అదే మండలంలో వారసత్వం కోసం ఒక ఊరు లేచింది. రెండూ సంబంధం లేని ఘటనలే కావచ్చు. కానీ ఆ ఊరి సున్నం గోడల్ని ఫొటోలు తీసిన పత్రికలు, కూలిన పేటల్లో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి పట్టా ఉందో, ఎవరు కౌలుకు చేశారో ఎంతమేరకు రాశాయి? పునరావాస కాలనీల్లో ఆ వివరాలు చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పేటల పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. పేట పేరు, ఇంటి పేరు, చెరువు పేరు, ఏ భూమి ఎవరి సాగులో ఉండేదో, వాళ్లే కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాలి.