పాఠం 9: ఛాయాచిత్రం, దిద్దుబాటు, చారిత్రక సత్యం – సికిందరాబాదు, బేగంపేట ఆధారాలతో ఒక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఛాయాచిత్రాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు.
• 19వ శతాబ్దపు స్టూడియోలలో నెగెటివ్‌ను ఎందుకు, ఎలా దిద్దేవారో తెలుసుకుంటారు.
• న్యాయమైన దిద్దుబాటుకూ వక్రీకరణకూ మధ్య ఉన్న తేడాను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ఒక శాసనమో, ఫర్మానో, రెవెన్యూ రికార్డో చేతికి వచ్చినప్పుడు చరిత్ర విద్యార్థి కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. దీన్ని ఎవరు రాయించారు? ఎవరి కోసం రాయించారు? తరువాత ఎవరైనా మార్చారా? ఛాయాచిత్రం దగ్గరకు వచ్చేసరికి ఈ ప్రశ్నలను మనం తరచు మరచిపోతాం. యంత్రం తీసింది కాబట్టి అది ఉన్నది ఉన్నట్లు చూపుతుందని నమ్ముతాం. ఆ చిత్రాన్ని దిద్దారని తెలిస్తే, మరుక్షణమే దాన్ని అబద్ధమని పక్కన పెడతాం. ఈ రెండు ధోరణులూ సరికావు.

పూర్వం ఫోటోలు నిజమే చెప్పేవనీ, కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు వచ్చాకే అవి చెడిపోయాయనీ చాలామంది అంటారు. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో 1890వ దశకంలోని సికిందరాబాదు, బేగంపేటల ఆధారాలతో పరిశీలిద్దాం. ఆ కాలంలో సికిందరాబాదులో దేశమంతటా పేరు పొందిన ఒక ఫోటో స్టూడియో ఉండేది. దానికి కొద్ది దూరంలోని బేగంపేటలో పైగా ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా ప్యాలెస్, మద్రాసు పదాతి దళానికి చెందిన సైనిక ఆసుపత్రి ఉండేవి. స్టూడియో, ఆసుపత్రి రెండూ మన ప్రశ్నకు ఉపయోగపడే ఆధారాలను మిగిల్చాయి.

9.2 రాజా దీన్ దయాల్ స్టూడియో

దీన్ దయాల్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించారు. రూర్కీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. 1870వ దశకంలో ఫోటోగ్రఫీ చేపట్టారు. 1880వ దశకం మధ్యలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆదరణ లభించింది. ఆ తరువాత సికిందరాబాదులో స్టూడియో తెరిచారు. 1896లో బొంబాయిలో మరొకటి ప్రారంభించారు. 1897లో విక్టోరియా రాణి నుంచి అధికారిక ఫోటోగ్రాఫరుగా గుర్తింపు పొందారు. 1905లో మరణించారు.

నిజాం ఆయనకు ఇచ్చిన బిరుదును గమనించండి: 'ముసవ్విర్ జంగ్'. ఉర్దూలో ముసవ్విర్ అంటే చిత్రకారుడు, బొమ్మలు వేసేవాడు. కెమెరాతో తీసేవారినీ కుంచెతో వేసేవారినీ ఆనాటి దర్బారు ఒకే మాటతో పిలిచింది. ఫోటో అంటే చేతి ప్రమేయం లేని వస్తువు అనే భావన ఆనాటి పోషకులకు లేదని ఈ బిరుదు సూచిస్తుంది. రంగులద్దిన ఫోటోలు సంపన్నుల ఇళ్ళలో గౌరవంగా వేలాడిన కాలం అది.

9.3 నెగెటివ్‌ను ఎందుకు దిద్దేవారు?

దిద్దుబాటు వెనుక కేవలం అందం కోసం ఆరాటం ఉందనుకోవడం పొరపాటు. ఆనాటి గాజు పలకల మీది రసాయన పూత నీలి కాంతికి త్వరగా స్పందించేది. ఎరుపు, పసుపు కాంతులకు మందకొడిగా స్పందించేది. దీని ఫలితాలు మూడు:

అ) నీలాకాశం కాగితం మీద తెల్లగా, ఖాళీగా అచ్చయ్యేది. మేఘాలు కనిపించేవి కావు.
ఆ) ఎర్రటి తలపాగా కంటికి కనిపించేదానికంటే ఎంతో నల్లగా వచ్చేది.
ఇ) ముఖం మీది చిన్న ఎర్ర మచ్చ కూడా పెద్ద నల్ల మచ్చగా తేలేది.

అంటే యంత్రమే ముందుగా వాస్తవాన్ని మార్చేది. స్టూడియో పనివారు ఆ లోపాన్ని చేతితో సరిచేసేవారు. నెగెటివ్ మీద మచ్చ పడిన చోట సన్నని పెన్సిల్‌తో గీస్తే, ఆ భాగం గుండా వెలుతురు తక్కువ వెళ్ళి, కాగితం మీద తేలిక రంగులో వచ్చేది. కత్తి మొనతో గీకితే ఆ భాగం నల్లబడేది. ఆకాశాన్ని రంగుతో కప్పేవారు, లేదా మేఘాలున్న మరో నెగెటివ్‌ను కలిపి అచ్చువేసేవారు. ఈ పనినే రిటచింగ్ అంటారు. ఇది రహస్యం కాదు. స్టూడియోలు జీతమిచ్చి చేయించే వృత్తి.

ఐరోపాలో ఇంతకంటే ముందుకు వెళ్ళినవారున్నారు. 1857లో రెయ్లాండర్ ముప్పైకి పైగా నెగెటివ్‌లను కలిపి ఒకే చిత్రం తయారుచేశారు. 1858లో రాబిన్సన్ మరణశయ్య మీద ఉన్న యువతి దృశ్యాన్ని అయిదు నెగెటివ్‌లతో కూర్చారు. రాబిన్సన్ చిత్రం అప్పుడే వివాదం రేపింది. దిద్దుబాటు గురించిన వాదం ఫోటోగ్రఫీ అంత పాతదన్నమాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. 'ముసవ్విర్' అనే బిరుదు నుంచి మనం ఏమి గ్రహించవచ్చు?
2. గాజు పలకల రసాయన స్వభావానికీ రిటచింగ్‌కూ ఉన్న సంబంధాన్ని రాయండి.

9.4 దిద్దకుండానే దారి తప్పించే చిత్రాలు

నెగెటివ్ మీద ఒక్క గీత పడకపోయినా చిత్రం మనల్ని తప్పుదారి పట్టించవచ్చు. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది వేట చిత్రం. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర వేట శిబిరంలో ఉన్నారు. చచ్చిన పులితో వారు నిలబడి ఉన్న దీన్ దయాల్ స్టూడియో చిత్రం ప్రసిద్ధమైనది. ఆ పులి నిజం, ఆ మనుషులు నిజం, ఆ చోటు నిజం. కాని ఇది వేట చిత్రం కాదు. వేట ముగిశాక వరుసగా నిలబడి తీయించుకున్న చిత్రం. పులిని తోలుకురావడానికి ఎన్ని ఊళ్ళవారిని పిలిపించారు? తగిలిన గుండు ఎవరిది? ఇవి ఆ చిత్రం చెప్పదు. వైస్రాయ్ శౌర్యానికి దాన్ని సాక్ష్యంగా పెడితే, దిద్దకపోయినా అది తప్పుడు సాక్ష్యమవుతుంది.

రెండవది మరింత బరువైనది. 1895–1902 మధ్య కాలానికి చెందిన ఒక ఆల్బమ్‌లో నిజాం ప్రభుత్వ సత్కార్యాలను, ముఖ్యంగా ఔరంగాబాదు ప్రాంతపు కరవు సహాయక చర్యలను ఈ స్టూడియో చిత్రించింది. అందులో కళ్ళకు గంతలు కట్టి ఆడే ఆట చిత్రం కూడా ఉంది. సహాయక చర్యలు జరిగిన మాట వాస్తవం. ఆ చిత్రం కల్పితమని అనడానికి ఆధారం లేదు. అయితే ఆ ఆల్బమ్ ప్రభువు మేలును చూపడానికి తయారైంది. సహాయ శిబిరం దాకా చేరలేక దారిలో పడిపోయినవారు అందులో ఉండవలసిన అవసరం తీయించినవారికి లేదు.

దీనికి ఎదురుగా 1876–78 నాటి మద్రాసు కరవు చిత్రాలను పెట్టి చూడండి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను పీడించిన కరవు అది. విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్ళయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. ఆ శరీరాల మీది ఆకలి కాదనలేనిది. కాని ఆ గుంపులు వాటంతట అవి కూర్చున్నవి కావు. కెమెరా కోసం అమర్చినవి. ఒక ఫోటోగ్రాఫరు ఆకలిని ముందుకు తెచ్చారు, మరొకరు ఆకలి తీర్చిన చేతిని ముందుకు తెచ్చారు. ఏ ఒక్కదాన్నో పట్టుకొని కరవు చరిత్ర రాస్తే, చనిపోయినవారు లెక్కలోంచి జారిపోతారు, లేదా పాలకులు చేసిన పని లెక్కలోంచి జారిపోతుంది. రిటచింగ్ పెన్సిల్ కంటే ఇక్కడ ఎంపికదే పెద్ద పాత్ర.

9.5 బేగంపేట నుంచి ఒక చేతి బొమ్మ

ఇక రెండవ కోణం చూద్దాం. యంత్రం తీసిన చిత్రం మోసగించగలిగితే, పూర్తిగా చేతితో వేసిన బొమ్మ నమ్మదగిన సాక్ష్యం కాగలదా? దీనికి సమాధానం బేగంపేట సైనిక ఆసుపత్రిలోనే ఉంది.

1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ అక్కడ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమలను కోసి పరిశీలించారు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. వాటిని ఆయన నోట్‌బుక్‌లో చేతితో గీశారు. చేతి బొమ్మ అంటే ఎంపికే. సూక్ష్మదర్శినిలో కనిపించిన ప్రతిదీ అందులోకి రాదు, ముఖ్యమనుకున్నదే వస్తుంది. ఒక విధంగా ఏ రిటచింగ్ కంటేనూ ఇది పెద్ద దిద్దుబాటు.

అయినా శాస్త్రలోకం దాన్ని ఎందుకు నమ్మింది? రాస్ స్లయిడ్లను భద్రపరచి, ఇంగ్లండులోని ప్యాట్రిక్ మాన్సన్‌కు పంపారు. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం అచ్చయింది. ఏ దోమ, ఎన్నవ రోజు, ఏ పద్ధతి అన్నది ఇతరులు సరిచూసుకునే వీలు కల్పించారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. బొమ్మ వెనుక మూలం ఉండడం, ఆ మూలానికి తిరిగి వెళ్ళగలగడం ఆ నమ్మకానికి పునాది.

9.6 ఎక్కడ గీత గీయాలి?

పై ఉదాహరణల నుంచి చరిత్ర విద్యార్థి మూడు ప్రశ్నలు రూపొందించుకోవచ్చు.

మొదటిది: ఈ చిత్రాన్ని దేనికి సాక్ష్యంగా పెడుతున్నారు? మన ఊళ్ళలో చనిపోయిన తాతగారి పాత ఫోటోనూ నాయనమ్మ ఫోటోనూ కలిపి స్టూడియోలో జంటగా చేయించి గోడకు తగిలిస్తారు. ఆ ఇంటివారందరికీ సంగతి తెలుసు. అక్కడ మోసం లేదు. అదే చిత్రాన్ని ఇద్దరూ ఫలానా సంవత్సరంలో కలిసి ఉన్నారనడానికి రుజువుగా చూపితే అది వక్రీకరణ.

రెండవది: దిద్దుబాటు ఆ సాక్ష్యాన్ని తాకిందా? నిజాం ముఖం మీది మచ్చను తుడవడం వేరు, ఆయన పక్కన నిలబడిన మనిషిని తుడవడం వేరు. 1937లో మాస్కో కాలువ దగ్గర స్టాలిన్ పక్కన ఉన్న యెజోవ్‌ను, 1940లో ఆయన మరణశిక్ష పాలయ్యాక, సోవియట్ అధికారులు ఫోటోలోంచి తీసివేశారు. అది చరిత్రనే చెరిపే ప్రయత్నం. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక నిలువు ముఖచిత్రంలో ఇమడడానికి గీజా పిరమిడ్లను దగ్గరకు జరిపి విమర్శల పాలైంది. అక్కడ ఎవరికీ ప్రాణనష్టం లేదు. కాని భౌగోళిక వాస్తవాన్ని చూపుతామని చెప్పుకునే పత్రిక ఆ వాస్తవాన్నే కదిలించింది.

మూడవది: మూలానికి తిరిగి వెళ్ళగలమా? దీన్ దయాల్ స్టూడియోకు చెందిన 2,850కి పైగా గాజు నెగెటివ్‌లు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నెగెటివ్, ప్రింటు, కింద రాసిన శీర్షిక మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, దిద్దుబాటు స్వయంగా ఒక ఆధారమవుతుంది. ఏది చెరిపారో తెలిస్తే, ఆ కాలం దేన్ని దాచాలనుకుందో తెలుస్తుంది.

9.7 సారాంశం

దిద్దిన చిత్రమంతా అబద్ధం కాదు; దిద్దని చిత్రమంతా నిజం కాదు. ఆనాటి రిటచింగ్‌లో కొంత భాగం యంత్రం చేసిన తప్పును సరిచేసింది. నెక్కొండ వేట చిత్రం, కరవు ఆల్బమ్ వంటివి ఎంపిక ద్వారా, అమరిక ద్వారా అర్థాన్ని నిర్ణయించాయి. బేగంపేటలో గీసిన చేతి బొమ్మ, సరిచూసుకునే వీలు ఉండడం వల్ల, బలమైన సాక్ష్యంగా నిలిచింది. కాబట్టి దిద్దుబాటు జరిగిందా అని అడిగి ఆగిపోకూడదు. ఆ దిద్దుబాటు దేన్ని మార్చింది, ఎవరికి చెప్పి మార్చారు, మూలం ఎక్కడ ఉంది అని కూడా అడగాలి.

9.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. ఛాయాచిత్రాన్ని చారిత్రక ఆధారంగా ఉపయోగించడంలోని పరిమితులను దీన్ దయాల్ స్టూడియో చిత్రాల ఆధారంగా చర్చించండి.
2. కరవును చిత్రించిన రెండు ఛాయాచిత్ర సముదాయాలను పోల్చి, వాటి వెనుక ఉన్న ఉద్దేశాలను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానం రాయండి.
1. రోనాల్డ్ రాస్ చేతి బొమ్మ నమ్మదగిన సాక్ష్యం ఎలా అయింది?
2. మీ ఇంట్లోని ఒక పాత ఫోటోను తీసుకొని, 9.6లోని మూడు ప్రశ్నలను దానికి వర్తింపజేయండి.