జమీందారీ, రైత్వారీ: కారణాన్ని తేల్చడం ఎట్లా?

జమీందారీ వ్యవస్థ పల్లెను పీల్చి పిప్పిచేసిందని చెప్పడానికి అభ్యుదయవాదులెవరూ తటపటాయించరు. నేనూ తటపటాయించను. కాని క్లాసులో ఒక విద్యార్థి లేచి, "ఆ ఊరు వెనకబడింది జమీందారు వల్లనేనని ఎట్లా తెలుసునండీ? నేల చవిటిదైనందువల్ల కావచ్చు గదా?" అని అడిగితే, మనలో చాలామంది దగ్గర ఉన్న జవాబు ఆగ్రహం ఒక్కటే. ఆగ్రహం న్యాయమైనదే. అది రుజువు మాత్రం కాదు.

మన తెలుగునాడునే చూడండి. 1793లో కారన్‌వాలిస్ బెంగాలులో నెలకొల్పిన శాశ్వత శిస్తు పద్ధతిని కంపెనీవారు 1802 నుంచి ఉత్తర సర్కారులలో అమలుపెట్టారు. 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలలో మన్రో రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకున్నాడు. ఈ రెండు ప్రాంతాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే గోదావరి డెల్టా పచ్చగాను, అనంతపురం ఎండిపోయీ కనిపిస్తాయి. జమీందారీయే మేలన్నమాట! జమీందార్ల వకీలు ఇంతకంటె ఏం కోరుకుంటాడు? అయితే ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తయినాయి. అనంతపురమో, వానకు మొగంవాచిన సీమ. రెండు చోట్లకూ శిస్తు పద్ధతి ఒక్కటే తేడా అయినప్పుడు గదా ఆ పోలికకు అర్థముండేది.

ఇంకో చిక్కు ఉంది. ఏ ప్రాంతానికి ఏ పద్ధతి అన్నది ఎవరూ చీట్లు వేసి నిర్ణయించలేదు. దత్తమండలాలలో మన్రో మొదట పాలెగాళ్లను అణచివేసి, ఆ తర్వాతనే రైతు గడపలో అడుగుపెట్టాడు. గుంటూరు జమీందారీలు బకాయిల్లో కూరుకుపోయి 19వ శతాబ్దం నడిమికి సర్కారు పరమైనాయి. జమీందారీ కూలిన చోటనే రైత్వారీ వచ్చింది. ఇక అక్కడి మంచిచెడ్డలు దేని ఖాతాలో రాయాలి?

2005లో అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ ఈ చిక్కును విడదీయబూనుకున్నారు. కంపెనీ 1820–1856 మధ్య గెలుచుకున్న జిల్లాలలో భూస్వామి నెత్తిన శిస్తుభారం పెట్టడం తక్కువ. దొరల అభిప్రాయం అప్పట్లో రైతు వైపు, గ్రామ సముదాయం వైపు మొగ్గింది. 1857 తిరుగుబాటు తర్వాత అయోధ్యలో మళ్లీ తాలూక్‌దార్లను చేరదీశారు. జిల్లా ఏ ఏట చేజిక్కిందన్నది దాని నేల సారాన్ని బట్టి కాదు గనుక, ఆ తేదీ మన తరఫున చీటీ వేసినట్లవుతుందని వారి వాదం. దీన్నే సహజ ప్రయోగమంటున్నారు. స్వాతంత్ర్యం తర్వాతి లెక్కల్లో భూస్వాముల జిల్లాలే వెనకబడినట్లు వారు తేల్చారు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇది: ఆ అంతరం బాగా పెరిగింది 1960ల నడిమి నుంచి. మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది 1948లో! జమీందారు పోయినా అతడు పెంచిన వర్గవైరం నిలిచి, కొత్త విత్తనాలూ ఎరువులూ వచ్చిన రోజుల్లో ఉమ్మడి కృషికి అడ్డుపడిందని వారి వివరణ.

మనకు చెవికింపైన మాట. అందుకే రెండుసార్లు తూచాలి. ముందుగా పట్టుబడ్డ బెంగాలు వలసదోపిడిని ఎక్కువ కాలం భరించింది. తేదీలో ఆ భారం కూడా కలిసి ఉంది. వారు దీన్ని గమనించకపోలేదు, కాని నా సందేహం పూర్తిగా తీరలేదు. 2013లో ఐవర్సెన్, పామర్-జోన్స్, కునాల్ సేన్ మరో దెబ్బ కొట్టారు. మధ్యపరగణాల శిస్తు పద్ధతిని అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరిగిందనీ, దిద్దితే ఆ ఫలితం నిలవదనీ చూపించారు. లెక్క గడుసుదే, తగవు మాత్రం పాత దఫ్తరాలకే వచ్చి ఆగింది.

ఆ పట్టికలో లేని గడి మరొకటి ఉంది. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచిన రైతుల్ని ఏ అంకెగా వేస్తారు? ఎస్టేట్ల మీద ప్రకాశంగారి సంఘం నివేదిక 1938లో వచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు వచ్చిన రద్దును నేనైతే ఆ పాదాలను విడిచి లెక్కించలేను.

ఇంతమాత్రాన ఈ పద్ధతిని దొరల గారడీ అని తోసివేసే మిత్రులతో ఏకీభవించను. ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. కృష్ణా డెల్టాలో చల్లపల్లి ఎస్టేటు హద్దుకు రెండు వైపులా, ఒకే నేల, ఒకే కాలువ నీరు ఉన్న గ్రామాలను ఎంచుకుని, వాటి పాత రికార్డులను విద్యార్థుల చేత పక్కపక్కన చదివించవచ్చు. అప్పుడైనా, ఆ హద్దు అక్కడే ఎందుకు పడిందో ముందు విచారించాలి.