చిత్త, స్వాతి కార్తెల వాన: మన్యానికి ముందు కబురు ఎప్పుడొచ్చింది?



దసరా దాటిందంటే మన గ్రూపుల్లో ఒకే రకం మెసేజ్ తిరుగుతుంది. "బంగాళాఖాతంలో అల్పపీడనం. రాగల అయిదు రోజుల్లో ఉత్తర కోస్తాలో కొన్ని చోట్ల మోస్తరు వర్షాలు, ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు." కింద పసుపు రంగో నారింజ రంగో పూసిన మ్యాప్. చూస్తాం, ఇంకొకరికి పంపుతాం, మర్చిపోతాం. ఈ పోస్టులో ఆ రెండు వాక్యాల చరిత్ర చెప్పుకుందాం. అవి ఎవరి కోసం పుట్టాయి, మన కొండల దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టింది, వచ్చినవి మనకి సరిపోతున్నాయా అని. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు, ఈ కాలమే ఎందుకు? నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు నడిమికల్లా మన కోస్తా నుంచి వెనక్కి మళ్లుతాయి. అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. ఈ సందు కాలంలోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుపాన్లు ఎక్కువ. పెద్దవాళ్ల లెక్కలో చెప్పాలంటే చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు. ఆదిలాబాద్ వైపు ఉన్న గోండు, కొలాం మిత్రులకి ఇది అంతగా పట్టదు. అక్కడ అక్టోబరు మొదట్లోనే వాన చాలావరకు సర్దుకుంటుంది, దండారి ఆడే రోజులకి ఆకాశం తేటగా ఉంటుంది. మన పాడేరు, అరకు, చింతపల్లి, సీతంపేట వైపు అలా కాదు. సముద్రం మీంచి వచ్చే తడిగాలి తూర్పు కనుమలకి తగిలి పైకి లేస్తుంది, చల్లబడి కురుస్తుంది. కింద మైదానంలో చినుకులు పడేరోజు పైన గెడ్డ పొంగడం మనకి కొత్త కాదు.

అదే సమయానికి చేలో ఏముంటుంది? సామలు, కొర్రలు కోతకొచ్చి ఉంటాయి, లేదా కోసి పనలు వేసి ఉంటాయి. చోళ్లు తల వంచుతాయి. వలిసెలు పూతలో ఉంటాయి. పల్లపు మడుల్లో వరి పాలుపోసుకుంటుంది. రాజ్‌మా కాయలు కట్టి ఉంటాయి. కాఫీ తోటలో కాయ రంగు తిరగడానికి సిద్ధమవుతుంది. ఏడాది కష్టమంతా బయట ఆకాశం కింద ఉండే రోజులు ఇవి. జూన్ వాన ఒక వారం లేటైతే మళ్లీ విత్తుకోవచ్చు. కోసిన పన మీద మూడు రోజులు వాన పడితే మొలకెత్తిన గింజని ఏం చేయగలం? కాబట్టి మనకి అన్నిటికన్నా అవసరమైన కబురు ఈ కాలం కబురే.

ఇక చరిత్రలోకి. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి వేరే చట్టం చేసింది. మామూలు కోర్టులు, నిబంధనలు అక్కడ వర్తించవు, కలెక్టరే "ఏజెంటు" అని. "ఏజెన్సీ" అన్న మాట మనకి అలా తగులుకుంది. ఆ మరుసటి ఏడాది, 1840లో, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారీ కుటుంబపు ఆయన సొంత ఖర్చుతో ఒక నక్షత్రశాల కట్టించాడు. మద్రాసు వెళ్లి ఖగోళశాస్త్రం నేర్చుకొచ్చిన మనిషి. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. గ్రహాలతోపాటు గాలి, వాన, వాయుపీడనం లెక్కలు కూడా అక్కడ రాసేవాళ్లు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాకొయ్య పెట్టి ఓడలకి టైము తెలిపే సంకేతం ఇచ్చేవాళ్లు. మన రాష్ట్రంలో వాతావరణాన్ని రోజూ కొలిచి కాగితం మీద పెట్టిన తొలి చోట్లలో అది ఒకటి. తెలుగువాళ్లు గర్వపడాల్సిన సంగతే. అయితే ఒకటి గమనించండి. ఒడ్డున వాన లెక్క పుస్తకంలోకి ఎక్కుతున్న అదే రోజుల్లో, ఆ వానలో సగం పుట్టే కొండలు ప్రభుత్వానికి వేరే చట్టం కింద ఉన్న "జ్వరాల ప్రాంతం". ఇక్కడి వానని దొరలు గుర్తు పెట్టుకున్నది కొండజ్వరం కోసమే, పంట కోసం కాదు.

1864 శరత్కాలం దేశం మొత్తాన్ని కదిపింది. అక్టోబరు 5న కలకత్తాని ఒక తుపాను ముంచింది. నెల తిరక్కముందే, నవంబరు 1న, మచిలీపట్నం మీద ఇంకొకటి. మచిలీపట్నంలో సముద్రం ఊళ్లోకి వచ్చి సుమారు 30 వేల మంది చనిపోయారు. ఆ వెనకే 1866లో ఒరిస్సా కరువు. ఈ దెబ్బల తర్వాతే 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. దాని మొదటి అధిపతి బ్లాన్‌ఫర్డ్. శాఖ తొలి పనుల్లో ముఖ్యమైనది ఓడరేవులకి హెచ్చరిక. ఇప్పటికీ టీవీలో "విశాఖ, కళింగపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వింటాం కదా, ఆ నంబర్ల పద్ధతి ఆ పరంపరదే. అంటే శరత్కాలపు ముందు కబురు మొదట ఓడ కోసం, సరుకు కోసం పుట్టింది. తర్వాత మత్స్యకారుడికి అందింది. రైతు ఆ తర్వాత. 1932లో పూణేలో వ్యవసాయ వాతావరణ విభాగం పెట్టారు. 1945 నుంచి రేడియోలో రైతులకి వాతావరణ బులెటిన్ మొదలైంది. అదీ మైదానం రైతు వినడానికే. కొండ మీద రేడియో ఎన్ని ఇళ్లలో ఉండేది? ఉన్న చోట సిగ్నలు ఎంత? ఆ బులెటిన్ తెలుగులో చదివితే కువి, ఆదివాసీ ఒడియా, సవర మాట్లాడే అవ్వ తాతలకి ఏం అర్థమయ్యేది?

1970లో దేశంలో మొట్టమొదటి తుపాను రాడార్ పెట్టింది మన విశాఖలోనే. 1974లో అక్కడే తుపాను హెచ్చరిక కేంద్రం వచ్చింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలు తీసింది. కబురు పుట్టడం వేరు, అది మనిషి దగ్గరికి చేరడం వేరు అని ఆ రాత్రి తేలింది. అప్పటి నుంచి తుపాను షెల్టర్లు కట్టారు, ఊళ్లు ఖాళీ చేయించడం నేర్చుకున్నారు. 1996 నవంబరు 6న కోనసీమలో మళ్లీ దెబ్బ తగిలింది, మళ్లీ నేర్చుకున్నారు. ఈ పాఠాలన్నీ ఒడ్డు పాఠాలే. గాలి ఎక్కడ తీరం దాటుతుంది, అల ఎంత ఎత్తు లేస్తుంది, ఎన్ని ఊళ్లు ఖాళీ చేయాలి. తీరం దాటాక బులెటిన్‌లో ఒకే మాట మిగులుతుంది: "క్రమంగా బలహీనపడుతుంది." బలహీనపడేది ఎవరి నెత్తి మీద? మన నెత్తి మీదే.

హుద్‌హుద్ సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం, చిత్త కార్తె. నాలుగైదు రోజుల ముందే విశాఖ వైపు వస్తోందని వాతావరణ శాఖ సరిగ్గానే చెప్పింది. లక్షల మందిని తీరం నుంచి తరలించారు. గంటకి 180 కిలోమీటర్ల గాలి ఊరి మీద పడినా మరణాలు తక్కువ, అది చిన్న విజయం కాదు. కైలాసగిరి మీద రాడార్ కూడా ఆ గాలికి దెబ్బతింది. తర్వాత గాలి అనంతగిరి, అరకు మీదుగా పైకి ఎక్కింది. కాఫీ తోటల్లో నీడకి పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు వరసలకి వరసలు పడిపోయాయి. ఆ చెట్టు మీద మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. ఒక్క చెట్టు పడితే మూడూ పోయినట్టే. వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ నాటుకుంటాం. నీడచెట్టు ఆ ఎత్తుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఎండకి కాఫీ మొక్క వాడుతూనే ఉంటుంది. నష్టం లెక్క రాసేటప్పుడు ఈ తేడా ఏ ఫారంలో పడుతుందో ఆలోచించండి. ఆ తుపాను అక్కడితోనూ ఆగలేదు. దాని మిగులు మేఘాలు ఉత్తరానికి పోయి రెండు రోజుల తర్వాత నేపాల్ అన్నపూర్ణ కొండల్లో మంచుగా కురిశాయి. అక్కడ 40 మందికి పైగా చనిపోయారు. తీరానికి అంత దూరంలో ఉన్నవాళ్లకి బంగాళాఖాతం కబురు ఎవరు చెప్పాలి?

నాకు ఇంకా బాధ కలిగించేది తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు కూలిన ఫొటోలు అందరం చూశాం. దాని వెనకాల జరిగింది తక్కువమందికి తెలుసు. సరిహద్దుకి అవతల ఒడిశా గజపతి జిల్లా, మన సవర బంధువులుండే కొండలు. అక్కడ బారాఘరా అనే ఊళ్లో, వాన నుంచి తలదాచుకున్న చోటే కొండచరియ విరిగిపడి పలువురు చనిపోయారు. తీరం దాటే చోటు, వేళ దాదాపు సరిగ్గా చెప్పారు. కానీ ఆ కొండ వాలు మీద ఎంత వాన పడుతుంది, ఏ వాలు జారుతుంది, ఎవరు ఎక్కడికి వెళ్లాలి అన్నది ఆ ఊరికి చేరలేదు. తీరంలో "ఎత్తైన చోటుకి వెళ్లండి" అన్నది ప్రాణం కాపాడే మాట. కొండలో అదే మాట చంపవచ్చు. మనకి హెచ్చరికే వేరేగా రాయాలి. కొండ వాలు కింద, గెడ్డ ఒడ్డున ఉండొద్దని చెప్పాలి.

జిల్లా స్థాయిలో అయిదు రోజుల ముందు కబురు 2008లో మొదలైంది. మంచి అడుగే. అప్పుడు మనది విశాఖపట్నం జిల్లా. భీమిలి బీచ్, 900 మీటర్ల ఎత్తున్న పాడేరు ఒకే గడిలో ఉండేవి. ఒకే జిల్లాకి ఒకే వాన, ఒకే ఉష్ణోగ్రత! డిసెంబరులో చింతపల్లి, లంబసింగిల్లో నీళ్లు గడ్డకట్టే చలి ఉంటే ఆర్‌.కె.బీచ్‌లో చొక్కాతో తిరుగుతారు, రెండింటికీ సగటు తీస్తే అది ఏ ఊరి వాతావరణం? 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా విడిపోయాకే కొండకి తన గడి తనకి దొరికింది. కొత్త జిల్లా వల్ల కలెక్టరాఫీసు దగ్గరైందని అందరూ అన్నారు. ముందు కబురు దగ్గరైందని ఎవరూ అనలేదు, నా లెక్కలో అదీ లాభమే.

చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఎత్తైన గిరిజన మండలానికి అని ప్రత్యేకంగా పెట్టింది. మంగళవారం, శుక్రవారం వాతావరణ శాఖతో కలిసి ఇచ్చే వ్యవసాయ సలహా బులెటిన్లలో వచ్చే అయిదు రోజుల వాన, ఉష్ణోగ్రత, తేమ, గాలి ఉంటాయి. వాటికి తగ్గట్టు కోయాలా ఆగాలా, మందు కొట్టాలా వద్దా అని రాస్తారు. 2019లో మేఘదూత్ యాప్ కూడా వచ్చింది, తెలుగులో చూడొచ్చు. ఇంకోవైపు, దేశంలో కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఇలాంటి పని కోసమే పెట్టిన 199 జిల్లా యూనిట్లని 2024లో మూసేశారు. యాప్ ఉంటే మనిషి అక్కర్లేదని ఎవరో అనుకున్నట్టున్నారు. సిగ్నలు లేని కొండ కొసన యాప్ ఏం చేస్తుందో వాళ్లకి తెలీదు.

ఇప్పుడు ఆ మెసేజ్‌లోని మాటలు. ఇవి ఊరికే వాడే మాటలు కావు, ఒక్కోదానికి లెక్క ఉంది. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు. "అనేక చోట్ల" అంటే ముప్పావు వంతు దాకా. "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే. 115.6 నుంచి "అతి భారీ". 204.5 దాటితే "అత్యంత భారీ". ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. అంటే 100 మిల్లీమీటర్లు పడితే ఒక ఎకరం చెక్క మీద నాలుగు లక్షల లీటర్లు. వాలు మీద అవి ఎక్కడికి పోతాయో మనకి తెలుసు. ఇంకొకటి, వాళ్ల రోజు ఉదయం 8:30కి మొదలై మరుసటి ఉదయం 8:30కి ముగుస్తుంది. "ఈరోజు వాన" అంటే చాలాసార్లు నిన్న రాత్రిదే.

"ఒకటి రెండు చోట్ల భారీ" అన్నప్పుడు మనవాళ్లు "మనకి కాదులే" అనుకుంటారు. ఒడ్డు నుంచి వచ్చే గాలికి ఎదురుగా నిలబడే వాలు మనది. ఆ ఒకటి రెండు చోట్లు మనవే అయ్యే అవకాశం మైదానం కంటే ఎక్కువ. పైగా వర్షమాపకం చాలావరకు మండల కేంద్రంలోనే ఉంటుంది. ముంచంగిపుట్టులోనో జి.మాడుగులలోనో ఆ డబ్బాలో 20 మిల్లీమీటర్లు పడిన రోజు, కొండకి అవతల పంచాయతీలో ఎంత పడిందో ఏ లెక్కలోకీ రాదు. విశాఖ రాడార్ కిరణానికి కూడా కొండలు అడ్డొస్తాయి. దూరం పోయేకొద్దీ కిరణం పైకి లేస్తుంది, లోయలో కిందగా ఆడే మేఘం దానికి సరిగ్గా దొరకదు. లెక్కలోకి రాని వానకి పంట నష్టం రాయించుకోవడం ఎంత కష్టమో ఒక్కసారి రెవెన్యూ ఆఫీసుకి తిరిగినవాళ్లని అడగండి.

పెద్దవాళ్ల గుర్తులు పనికిరావా అని గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. చీమలు గుడ్లు మోసుకుపోవడం, తూనీగలు కిందగా ఎగరడం, చంద్రుడి చుట్టూ వరదగుడి. ఇవి గాలిలో తేమ పెరిగినప్పుడు, పైన పల్చటి మబ్బు పరుచుకున్నప్పుడు కనపడే సంగతులు. గంటలు, మహా అయితే ఒక రోజు ముందు మాట చెప్తాయి, అదీ ఈ లోయకే. అండమాన్ దగ్గర సుడి తిరుగుతోందని చీమకి తెలీదు. ఉపగ్రహానికి మన గెడ్డ పేరు తెలీదు. సామ కోయాలా వద్దా అని మూడు రోజుల ముందు తేల్చుకోవడానికి బులెటిన్, కోసిన పనని ఈ సాయంత్రమే కుప్ప వేయాలా అన్నదానికి తాత కన్ను. రెండిటికీ పని ఉంది.

మనం చేయగలిగింది ఒకటుంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఒక సాదా వర్షమాపకం పెట్టించి, సైన్స్ మాస్టారు చేత పిల్లలతో రోజూ ఉదయం 8:30కి చదివించి, ఒక పుస్తకంలో తేదీతో రాయించాలి. జూన్ నుంచి డిసెంబరు దాకా. అది నష్టం అడిగేటప్పుడు కాగితం అవుతుంది. చింతపల్లి కేంద్రానికి పంపితే వాళ్ల లెక్కకీ పనికొస్తుంది. పుస్తకం ఎలా గళ్లు కొట్టాలో ఒక నమూనా తయారు చేస్తున్నాం. మీ మండలంలో ఏ స్కూల్లో మొదలుపెట్టొచ్చో కింద రాయండి. ఈ శుక్రవారం బులెటిన్ రాగానే దాన్ని కువిలోనూ సవరలోనూ వాయిస్ చేసి పెట్టగలిగినవాళ్లు కూడా చెప్పండి. స్వాతి కార్తె ఇంకా ముందుంది.