పరిశోధనపోషణము: పాలమూరు సంస్థానముల నుండి

పరిశోధనము నేడు విశ్వవిద్యాలయములకును, ప్రయోగశాలలకును, వైద్యాలయములకును చెందిన వృత్తిగా నెన్నబడుచున్నది. కాని తెలుగునాట దాని పూర్వచరిత్ర తెలియగోరువారు పాలమూరు సీమలోని అమరచింత, గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల వైపు దృష్టి సారింపక తప్పదు. విద్యకు జీవితమును ధారవోయువానికి గ్రాసవాసోదైన్యము లేకుండ జూచువారెవరు, ఆ పోషకుడు మాఱినప్పుడు విద్య యొక్క స్వరూపమెట్లు మాఱినది అను రెండు ప్రశ్నలకును సమాధానము ఈ ప్రాంతమున లభించినంత స్పష్టముగా మఱియొకచోట లభింపదు.

అమరచింత సంస్థానమునకు రాజధాని ఆత్మకూరు. కృష్ణాతీరమున వెలసిన ఈ చిన్న సంస్థానము జరీవస్త్రముల నేతకు ప్రసిద్ధము. దానికి దక్షిణమున నడిగడ్డ సీమలోని గద్వాల విద్వద్గద్వాలయని పేర్కొనబడినది. అచ్చట కార్తిక మాఘ మాసములందు పండితసభలు జరుగుచుండెను. వచ్చిన విద్వాంసులకు వార్షికములు ముట్టుచుండెను. వనపర్తి ప్రభువులలో బహిరీ గోపాలరావు అష్టభాషాకోవిదుడని కీర్తి నందెను. తిరుపతి వేంకటకవులు ఆత్మకూరు, గద్వాల, వనపర్తులకు వచ్చి అవధానములొనర్చి సన్మానము లందుకొనిరి.

ఈ సభలలో జరిగినదంతయు వినోదము కాదు. జటప్రోలు ప్రభువులైన సురభివారి ఆస్థానమున ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితములను మల్లభూపాలీయము పేర తెలిగించెను. రాఘవయాదవపాండవీయమను త్ర్యర్థికావ్యమును రచించెను. సురభి మాధవరాయల చంద్రికాపరిణయము వంటి శ్లేషభూయిష్ఠమైన ప్రబంధము పాఠకులకు సుబోధము కావలెనన్న వ్యాఖ్యానము వలయును. ఆ కార్యమును వెల్లాల సదాశివశాస్త్రి, అవధానము శేషశాస్త్రి నిర్వహించిరి. తాళపత్రములు సంపాదించి, పాఠభేదములు పోల్చి, ఏ పాఠము కవిదో, ఏది లేఖకుని ప్రమాదమో నిర్ణయించి, అర్థము నిరూపించుటకు ప్రమాణముల నుదాహరించు ఈ పద్ధతి నేటి సాహిత్యపరిశోధనమునకు మూలమని చెప్పుట అతిశయోక్తి కాదు. అయినను దాని కొక యెల్ల యుండెను: ప్రభువు వంశచరిత్రమును వ్రాయుటకు పండితునకు సంబళము దొరకెనే గాని, ప్రజల చరిత్రమును వ్రాయుమని కోరినవారు లేకపోయిరి.

ఆ లోపమును పూరించినవాడు ఈ గడ్డపై 1896లో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డి. ఆయన కాశ్రయమిచ్చినది రాజాస్థానము కాదు, పత్రికాపాఠకలోకము. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, తెలంగాణములో కవులు లేరను నిందకు వాదముతో గాక సాక్ష్యముతో సమాధానము చెప్పదలచి, పత్రికాముఖమున ప్రకటించి, ఊరూర నున్న కవుల రచనలను రప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. ప్రతిపక్షి వాక్యమును ఒక సిద్ధాంతముగా గ్రహించి, దానిని ఖండింపగల సామగ్రిని దేశమంతట సేకరించుట శుద్ధమైన పరిశోధనధర్మము. అంతకుముందే హైదరాబాదులో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పేర నేర్పడిన లక్ష్మణరాయ పరిశోధకమండలి శాసనసేకరణమునకు పూనుకొని తెలంగాణా శాసనములను ప్రకటించెను. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ప్రతాపరెడ్డి కావ్యములను రసదృష్టితో మాత్రమే చదువక, వానిలో జనులేమి భుజించిరి, ఏమి ధరించిరి, ఏ యాటలాడిరి అని వెదకి, రాజుల పేళ్లు లేకయు చరిత్రము వ్రాయవచ్చునని నిరూపించెను. ఆ గ్రంథమునకు 1955లో, ఆయన నిర్యాణానంతరము, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తెలుగు గ్రంథమున కా గౌరవము దక్కుట అదియే ప్రథమము.

సంస్థానములు 1948 తరువాత అంతరించినవి. పండితుల వార్షికముల స్థానమును విశ్వవిద్యాలయపు జీతము లాక్రమించినవి. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపదగేయసాహిత్యముపై డాక్టరేటు నందుటతో, అంతవఱకు సభాగౌరవమునకు నోచని పల్లెపాట శాస్త్రవిషయమయ్యెను. సంస్థానముల సాహిత్యపోషణమే తూమాటి దొణప్పకు సిద్ధాంతవ్యాసవస్తువైనది. పోషింపబడిన విద్య కాలాంతరమున పోషకునే పరీక్షించుట సముచితమే.

భౌతికశాస్త్రమునకు కావలసిన పరికరములు, ప్రయోగశాలలు చిన్న సంస్థానముల శక్తికి మించినవి. అయినను, సంస్థానాధిపతుల దాతృత్వ మచ్చటను కనుపించుచున్నది: తానును సాహిత్యవేత్తయైన జయపురాధీశుడు విక్రమదేవవర్మ వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తున కేటేట లక్షరూప్యముల విరాళ మొసగగా, అచ్చటి శాస్త్ర సాంకేతిక కళాశాల ఆయన పేర వెలసినది. 1909లో ఆగిరిపల్లెలో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతము, ప్రజల చందాలతో నేర్పడిన కలకత్తా విజ్ఞానసంఘమున సర్ సి. వి. రామనుకడ పనిచేసి, కాంతికణమునకు ఆత్మభ్రమణము గలదనుటకు ఆయనతో గూడి ప్రయోగసాక్ష్యమును చూపెను. వాల్తేరున ఆచార్యుడై, స్ఫటికముల సౌష్ఠవమును గణితముచే వివరించు సమూహసిద్ధాంతముపై టి. వేంకటరాయుడుతో కలసి 1948లో గ్రంథము ప్రకటించెను. పిదప ఉస్మానియాకు ఉపాధ్యక్షుడును, బెంగుళూరు విజ్ఞానసంస్థకు సంచాలకుడును అయ్యెను.

పోషణమునకును ఫలమునకును గల సంబంధము ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితమునందు హృదయవిదారకముగా గోచరించును. 1895లో భీమవరమున జన్మించిన యీతడు, సోదరులను సంగ్రహణి వ్యాధి హరింపగా, ఆ వ్యాధికి మందు కనుగొనవలయునను పట్టుదలతో, రంగూను వ్యాపారమున ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరు కాకినాడలో నెలకొల్పిన ధర్మనిధి సాయమును, మామగారి సాయమును గ్రహించి అమెరికా చేరెను. హార్వర్డులో సైరస్ ఫిస్కెతో గూడి రక్తమందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించెను. శక్తివాహకమైన ఏటీపీని కనుగొన్నవారిలో నొక్కడై యుండియు అచ్చట స్థిరమైన పదవి నందలేక, 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరెను. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. దానిని పోలియుండియు దానికి విరోధియైన అమినోప్టెరిన్ కూడ నక్కడనే పుట్టినది.

ఫోలిక్ ఆమ్లము లేక కణము తన జన్యుద్రవ్యమును నిర్మించుకొనజాలదు. రక్తపు క్యాన్సరైన లుకేమియాలో శ్వేతరక్తకణములు అదుపులేక వృద్ధిపొందుటకు అది యనివార్యము. అమినోప్టెరిన్ ఆ యామ్లమును వినియోగింపజేయు ఎంజైమును పట్టి బంధించి, తామరతంపరయగుచున్న కణముల విభజనమును నిలిపివేయును. బోస్టనులో వైద్యుడు సిడ్నీ ఫార్బరు ఆ మందును తీవ్రలుకేమియాతో నున్న 16 మంది బాలల కొసగగా 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా శమించినదని 1948 జూనులో ప్రకటితమయ్యెను. ఆ యుపశమనము కొన్ని నెలల మేరదే కావచ్చును. కాని అంతకుముందు ఆ బిడ్డల తల్లిదండ్రులకు వైద్యుడు చెప్పగలిగిన దేమియు లేకుండెనని స్మరించినచో, ఆ కొన్ని నెలల విలువ యెంతయో తెలియును. సుబ్బారావు అదే సంవత్సరము ఆగస్టులో మరణించెను. ఆ మందునకు సోదరియైన మెథోట్రెక్సేట్ నేటికిని బాలలుకేమియా చికిత్సలో ముఖ్యాంగముగా నున్నది.

వ్యాపారసంస్థల ద్రవ్యవ్యవహారములను శాస్త్రదృష్టితో పరిశీలించుట ఈ పరిశోధనశాఖలలో నెల్ల నవీనము. ఆంధ్రవిశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రము చదివి, ఎం.ఐ.టి.లో డాక్టరేటు పొంది, హార్వర్డు వ్యాపారకళాశాలలో ఆచార్యుడైన పాలెపు కృష్ణ, పాల్ హీలీ, రిచర్డు రూబాకులతో గూడి అమెరికాలోని 50 పెద్ద సంస్థావిలీనములను పరీక్షించి, విలీనానంతరము వాని వ్యాపారలాభము వృద్ధిచెందినదో లేదో లెక్కలచే నిర్ణయించెను. ఆ వ్యాసము 1992లో వెలువడినది. తరువాత తరుణ్ ఖన్నాతో కలసి భారతీయ వ్యాపారకుటుంబముల సంస్థలను పరిశీలించి 2000లో ప్రకటించిన వ్యాసమున మూలధనవిపణి, నిపుణులలభ్యత మొదలగు వ్యవస్థలు దుర్బలముగా నున్న దేశమున ఒక పెద్ద కుటుంబసమూహమే ఆ వ్యవస్థల పని చేయగలదను భావమును పరీక్షించిరి. సమూహము బహువ్యాపారములలోనికి విస్తరించిన కొలది సంస్థల ఫలితములు మొదట క్షీణించి, ఆ విస్తృతి ఒక మేర దాటిన పిదప వృద్ధిచెందునని వారు తేల్చిరి.