నక్షత్రాలకు నిలిపిన కెమెరా

ఛాయాచిత్రం చెదిరి వచ్చినప్పుడు మనం సామాన్యంగా కటకాన్ని నిందిస్తాము. కెమెరాను మోసే కాళ్ళ సంగతి ఎవరికీ తోచదు. ఆ కాళ్ళకే అగ్రస్థానమిచ్చి పనిచేసిన చోటు మన హైదరాబాదులోనే వున్నది. అమీర్‌పేటకూ బేగంపేటకూ నడుమ, పంజాగుట్టకు చేరువలో వెలసిన నిజామియా వేధశాల అది.

నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో దీనికి నాంది పలికినాడు. ఆయన అనంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించినది. తరువాత అది బేగంపేటకు తరలివచ్చినది. ఆకాశం యావత్తునూ పట్టికలకెక్కించాలని 1887లో పారిస్ నగరాన శాస్త్రజ్ఞులు సంకల్పించి, వేధశాలలకు తలొక పట్టీ పంచి యిచ్చినారు. దక్షిణాన 17 నుండి 23 అంశల పట్టీ మొదట చిలీ దేశపు సాంటియాగోకు దక్కి, అక్కడ నెరవేరక, చివరకు మన వూరికి వచ్చినది!

అందుకు వాడినది 8 అంగుళాల కుక్ కెమెరా దూరదర్శిని. ఇంటి ముంగిట బొమ్మ తీసే కెమెరా కదలకుండా వుంటే చాలును. నక్షత్రాలను తీసే కెమెరా మాత్రం కదలవలెను. ఆకాశంతో పాటే, అంతే వేగంతో, మరే విధంగానూ కాక. ఆ పథకపు కొలతలో ఫలకం మీద 1 మిల్లీమీటరు ఒక ఆర్క్ నిమిషం. కెమెరాను నిలిపివుంచితే, ఖగోళమధ్యరేఖ దగ్గరి చుక్క 4 సెకన్లలోనే అంత దూరం జరిగి గీతగా మారిపోతుంది. కనుక కెమెరా తిరిగే ఇరుసును ధ్రువం వైపు గురిపెట్టి, ఆ వూరి అక్షాంశమంత వాలుగా, ఇక్కడ సుమారు 17½ అంశలు, బిగిస్తారు. గడియారపు యంత్రం దానిని తిప్పుతుంటే, పరిశీలకుడు పక్కనున్న మరొక దూరదర్శినిలో ఒక చుక్కను తీగల కూడలి మీద నిలుపుతూ రెప్పవేయక కూర్చోవలెను. మనుషుల అడుగుల అదురు సోకకుండా, ఇటువంటి పీఠాలను గది నేలకు తగలకుండా విడిగా పునాది దింపి కట్టడం వేధశాలల వాడుక.

1914లో పోకాక్, 1918లో టి. పి. భాస్కరన్ ఈ భారాన్ని తలకెత్తుకున్నారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం క్రిందికి వచ్చినది. పోట్స్‌డామ్ వారు విడిచిన ఉత్తరపు 36–39 అంశల భాగం కూడా ఇక్కడివారే పూర్తిచేసినారు. 12 సంపుటాలు, 7 లక్షలకు మించిన నక్షత్రాలు! ఇంత ఓపిక నేడు ఎవరిని అడుగగలం?

శ్రోతలలో ముక్కాలి స్టాండు కొనదలచినవారికి ఈ కథలోనే సలహా వున్నది. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ళు తడబడినా మూడు కాళ్ళు నిలుస్తాయి. కాళ్ళు పూర్తిగా చాచి, పైభాగాన్ని చేతితో మెల్లగా మెలితిప్పి చూడండి; ఊగితే వదిలివేయండి. తేలిక అని అమ్మేవారు మెచ్చుకునే స్టాండు కంటె కొంత బరువైనదే మాకు ఇష్టం. లావు గొట్టాలనే ముందు సాచవలెను. నడిమి కంబాన్ని చిట్టచివరకు మాత్రమే. ఇసుకలో నిలిపినట్లయితే గొట్టాలు లోనికి తోయకముందే తుడవవలెను. కాళ్ళను పట్టి వుంచే బిగింపులకు నూనె తగలరాదు, జారిపోతాయి.

నగరం పెరిగి దీపాల వెలుగు ఆకాశానికెక్కినప్పుడు మాత్రం ఎంత దృఢమైన పీఠమైనా చేయగలిగినది లేదు. ఉస్మానియావారి 48 అంగుళాల దూరదర్శిని 1968లో నగరానికి దూరంగా, జాపాల–రంగాపూర్‌లో నిలిచినది.